గడిలో కిర్రు చెప్పులు

మా ఊరి దొర కోట, గడి ముందు సర్కారువాళ్లు పాతిన బోర్డు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఐదువందల ఏళ్ల కట్టడం, ఎత్తయిన బురుజులు, రాతి దర్వాజ, ముట్టుకుంటే జుర్మానా. అంతా సరే, అది కూలకుండా ఆపిన మా అవ్వ జంగమ్మ పేరేదీ?

పోలీసు చర్యకు ముందు ఏడాది, దొరల మీద తిరగబడ్డ సంఘానికి జడిసి మా దొర పట్నం పారిపోయాడు. మర్నాడే సంఘం నాయకుడు బీరన్న జనాన్ని వెంటేసుకుని, గడ్డపార పట్టుకుని గడి మీదికి వచ్చాడు. అవ్వ దర్వాజకు అడ్డంగా నిలబడింది.

"జరుగు జంగమ్మక్కా! మన నెత్తురు తాగిన గోడలివి. నేలమట్టం చేస్తం."

"చెయ్యుండ్రి, ఎవలొద్దన్నరు? నేను చెప్పులేసుకొని లోపలికి పోయొచ్చినంక చెయ్యుండ్రి."

ఆ గడి ముందు చెప్పులు వేసుకుని నడిస్తే కొరడా దెబ్బలే. చేత పట్టుకుని, తల వంచుకుని పోవాలి. అవ్వకు ఆ బాధ కూడా లేదు. ఊరందరికీ చెప్పులు కుట్టే మా తాత జానయ్య, సొంత పెళ్లానికి ఒక్క జత కుట్టిన పాపాన పోలేదు!

"కుట్టుకరా పో! కిర్రు చెప్పులు గావాలె నాకు. ఊరంత ఇనవడాలె," అని తాతను తరిమింది. జనం నవ్వుతూ గోడ నీడన కూర్చున్నారు.

మధ్యాహ్నం దాటాక తాత చెమటలు కక్కుతూ జత తెచ్చాడు. అవ్వ కాలు పెడితే ఇంకో కాలు పట్టేంత జాగా! తొందరలో చేతి అలవాటు కొద్దీ దొర కొలతకే కుట్టేశాడు మహానుభావుడు.

"నీ చెయ్యి ఇరగ! వాడు పోయినా వాని కాళ్లు ఇడువవా?"

బీరన్న పడీపడీ నవ్వాడు. అవ్వ ఆ చెప్పులే ఈడ్చుకుంటూ గడప దాటింది. కిర్రు కిర్రుమంటూ దొర కూర్చునే అరుగు దాకా పోయి, చెప్పుకాలు దాని మీద పెట్టింది. అంతే, సంతోషం ఆగక భోరున ఏడ్చింది.

బయటికి వచ్చేసరికి ఆడవాళ్లంతా ఎగబడ్డారు. "అక్కా, జర నాకియ్యవే!" ఆ ఒక్క జతతోనే మా వాడకట్టంతా లోపలికి పోయొచ్చింది.

బీరన్న గడ్డపార ఎత్తాడు. "అయిందా? ఇగ కూలగొడ్తం."

"ఆగు తమ్మీ," అంది అవ్వ కళ్లు తుడుచుకుంటూ. "రేపు పుట్టేటోళ్లకు గీ దర్వాజ ఏడికెల్లి తెస్తవ్? వాళ్లు నడువద్దా?"

బీరన్న గడ్డపార దించాడు. మా అమ్మ నడక నేర్చింది ఆ గడిలోనే, చెప్పులు వేసుకుని.