ఇంజన్ ఆపకు

నిన్న సాయంత్రం నుంచి మా కారు ఇంజన్ ఆగలేదు. అరసవల్లిలో మా వీధి వెడల్పెంతని! తెల్లారగానే ఎదురింటి గున్నమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వచ్చేసింది.

"ఒలే యమునా, ఆ పొగకి మా మనవడు ఒకటే దగ్గు. ఆపమని సెప్పవేటి నీ మొగుడికి?"

ఏం చెప్పను? నా మొగుడు దేవేంద్ర నాకు మేనత్త కొడుకే, బావా అనే పిలుస్తాను. ఆ బావ రాత్రంతా కన్ను మూయకుండా డ్రైవరు సీట్లోనే ఉన్నాడు. కాసేపటికోసారి దిగి కాలుగాలిన పిల్లిలా కారు చుట్టూ తిరగడం, మళ్ళీ ఎక్కడం.

కారు అప్పు మీద కొన్నది. ఫోన్లో వచ్చే బేరాలకి తిప్పుతాడు. మొన్న కామెర్లొచ్చి మంచం పట్టడంతో కిస్తీ తప్పింది. అప్పిచ్చిన కంపెనీ కారులో ఎక్కడో పరికరం దాచిందట. కిస్తీ తప్పితే ఆఫీసులో కూర్చునే ఇంజన్‌కి తాళం వేసేస్తారు. ఆడుతున్న ఇంజన్‌ని ఏమీ చెయ్యరు గానీ, ఒకసారి ఆపామా, మళ్ళీ స్టార్టవదు. అప్పుడొచ్చి బండి పట్టుకుపోతారు. నిన్న సాయంత్రం ఆరు నుంచి తాళమని ముందే మెసేజ్ పెట్టారు. బావ ఆరు కాకుండానే పరిగెత్తి, బండి ఖర్చుకని విడిగా ఉంచుకున్న డబ్బంతా పెట్టి డీజిల్ కొట్టించాడు.

పొద్దున్న భోగాపురం ఎయిర్‌పోర్టుకి బేరం తగిలింది. ఆ డబ్బొస్తే కిస్తీ నిండుతుంది. బావ మొహం విప్పారింది. అంతలోనే డీజిల్ ముల్లు చూసి నీరుగారిపోయాడు.

"కిస్తీకి దాసిన డబ్బులట్టుకుని ఎక్కు. ఐదొందలకి కొట్టించి ఎల్దాం."

బంకులో పైపు పట్టుకున్న దేముడమ్మ దగ్గరికొచ్చి, "ఇంజినాపు బాబూ" అంది.

"ఆపితే లెగదు తల్లీ. అలాగే కొట్టీ."

"బంకంటుకుంటే నువ్వార్పుతావేటి? ఆపితేనే కొడతాను."

వెనక బళ్ళు హారన్లు కొడుతున్నాయి. ఫోన్లో ఎయిర్‌పోర్టు ఆసామి విసుక్కుంటున్నాడు. "ఇదిగో, మీ వీధిలోకి వచ్చేశాను సార్" అని బావ పచ్చి అబద్ధం ఆడాడు.  డీజిల్‌కి తీద్దామని కిస్తీ డబ్బులు కట్టుకున్న చేతిరుమాలు ముడి విప్పాను. అప్పుడు తట్టింది నాకు.

"కిస్తీకి ఎంత తక్కువ బావా?"

"పన్నెండొందలు. నీకు తెల్దేటి?"

"నిన్న డీజిలెంతకి కొట్టించావు?"

బావ నోరు తెరిచాడు. "పన్నెండొందలకి" అన్నాడు మెల్లిగా.

ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే. కారు నిలబెట్టుకోవడానికి రాత్రంతా మేం కాల్చింది కారు కిస్తీయే. ఒళ్ళు మండిపోయింది నాకు. కంపెనీ మీదా, బావ మీదా, నిన్ననే అడగని నా మీదా. చెయ్యి చాపి తాళంచెవి తిప్పేశాను.

ఇంజన్ ఆగింది. బావ నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. స్టీరింగ్ మీద తల వాల్చాడు. కాసేపటికి గురక వినబడింది.

"ఎంతకి కొట్టమంటావు?" అంది దేముడమ్మ.

"వద్దమ్మా."

వెనక హారన్లు ఎక్కువయ్యాయి. ఒకడు దిగొచ్చి బూతులు లంకించుకున్నాడు. నేను కిందికి దిగి, చప్పుడవకుండా తలుపు వేసి, వాడికి అడ్డంగా నిలబడ్డాను.

"మెల్లిగా బాబూ. మా బావ ఇప్పుడే పడుకున్నాడు."