గడువు దాటిన ఆదివారం

వీధి చివర గోతిలో మోకాళ్ల మీద కూర్చుని జ్ఞానానందం నీళ్ల వాల్వు తిప్పుతున్నాడు. అరవై దగ్గరపడిన ఒళ్లు, కాయలు కాసిన అరచేతులు. పైపులో గాలి గరగరలాడి, కుళాయిల్లోకి నీళ్లొచ్చాయి.

"దొంగతాత నీలొగ్గినాడే, బిందెలట్టుకు రండే!" అని ఒకావిడ కేకేసింది. తిట్టు కాదది, అలవాటు. అలవాటైన మాటే ఎక్కువ గుచ్చుకుంటుంది.

ఒకప్పుడు మునిసిపాలిటీ గోదాంలో ఇత్తడి కుళాయిలు పోయాయి. తాళాలు ఈయన దగ్గరున్నాయని ఇంజినీరు స్టాన్లీ దొంగతనం కేసు పెట్టించాడు. ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కి దిగితే, చివరికి ఈయన తప్పేమీ లేదని తీర్పొచ్చింది. ఉద్యోగం తిరిగొచ్చింది, పేరు రాలేదు. మునిసిపాలిటీ మీద దావా వేసి, పెట్టింది అబద్ధపు కేసని వాళ్ల నోటితోనే అనిపించాలని ఆయన పట్టుదల.

కానీ స్టాన్లీదీ ఈయనదీ ఒకటే బాప్టిస్టు సంఘం. దావా వేస్తే స్టాన్లీని బోనెక్కించినట్టే, విశ్వాసులు ఒకరినొకరు కోర్టుకీడ్చుకోకూడదన్నారు పెద్దలు. స్టాన్లీయే ఒక ఆదివారం సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకుంటాడని మాటిచ్చారు. ఈస్టర్ అన్నారు, కోతల పండుగ అన్నారు, క్రిస్మస్ అన్నారు. జ్ఞానానందం ప్రతి ఆదివారం ముందు బెంచీలో కూర్చుని ఎదురుచూశాడు. మొన్న స్టాన్లీ బదిలీ మీద విజయనగరం వెళ్లిపోయాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది.

వాల్వు కట్టేసి, బురద కాళ్లు కడుక్కుని, ఆయన శ్రీకాకుళం బస్సెక్కాడు. తన కేసు గెలిపించిన లాయరు ఝాన్సీ అక్కడే ఉంటుంది.

"తీర్పొచ్చిన కాడ్నించి ఏడాదిలోపు దావా ఏసీయాలని అప్పుడే సెప్పినాను కదా బాబాయ్! గడువు దాటిపోనాది. ఇన్నాళ్లూ ఏటి సేసినావు?"

"సంగపోళ్లు ఆగమన్నారమ్మా."

"ఆళ్లు ఆగమంటే సట్టం ఆగుతాదేటి?"

"మరి నాను దొంగని కానని ఎవులు సెప్తారమ్మా?"

కోర్టు చెప్పింది కదా అనబోయి ఝాన్సీ ఊరుకుంది. కోపం పోయి ఆమెకి జాలి మిగిలింది. టీ తెప్పించింది. ఆయన సగం తాగి లేచాడు.

ఇంటికొచ్చి మంచం మీద వాలాడు. "సాయంత్రం నీలొగ్గాల. లేపే," అన్నాడు భార్య లీలారాణితో.

లేపింది. ఆయన లేవలేదు.

ఆ సాయంత్రం వీధికి నీళ్లు రాలేదు. అడగడానికొచ్చిన ఆడవాళ్లు ఖాళీ బిందెలు అరుగు మీద దించి, లోపలికెళ్లి లీలారాణి పక్కన కూర్చున్నారు.

లీలారాణి ఆయనకి రోజూ వేసుకునే చొక్కానే తొడిగింది. స్టాన్లీ తప్పు ఒప్పుకునే ఆదివారానికని కుట్టించుకున్న తెల్లచొక్కా మాత్రం, కాలరుకి టైలరు గుచ్చిన చీటీ అలాగే ఉండగా, మడత విప్పకుండా ట్రంకు పెట్టెలోనే ఉండిపోయింది.