మీసాల టైలర్ ఎత్తులు

మా వీధిలో నా పేరు ఎవరికీ తెలియదు. అందరికీ నేను మీసాల టైలర్‌నే. షాపు బోర్డు మీద కత్తెర బొమ్మ ఉండాల్సిన చోట నా మీసం బొమ్మ ఉంటుంది. కొత్తవాళ్ళకి దారి చెప్పేవాళ్ళు కూడా "సందు మలుపులో పెద్ద మీసం కనబడుతుంది, అక్కడ ఆగండి" అంటారు. ఇంత పరువున్న మనిషిని మా బావమరిది రోజూ చదరంగంలో మట్టి కరిపించేవాడు.

వాడు మా ఆవిడకి సొంత తమ్ముడు. పక్క షాపులోనే సెలూన్ నడుపుతాడు. మధ్యాహ్నం ఇద్దరికీ బేరాలుండవు కనుక, నా కట్టింగ్ టేబుల్ మీది గుడ్డముక్కలు పక్కకు నెట్టి ఆటకు కూర్చుంటాం. మా ఆవిడ అక్కడే కాజాలు కుట్టుకుంటూ ఉంటుంది.

మొదట్లో నాకు ఆటే రాదు, ఓడిపోయాను, అది న్యాయం. తర్వాత కష్టపడ్డాను. ఫోన్లో చెస్ పాఠాలన్నీ చూశాను. కొన్నాళ్ళు బాగానే పైకొచ్చాను, ఒకసారి డ్రా కూడా చేశాను. అక్కడ బండి ఆగిపోయింది. ఇంకెంత నేర్చుకున్నా గానుగెద్దులా ఉన్నచోటే తిరుగుతున్నాను. గుర్రాన్ని ఎటు దూకించాలా అని ఆలోచిస్తూ ఒక పెద్దమనిషి చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టాను. ఆయన తొడుక్కుని చూసుకుని, "నాకు కుడి చెయ్యి కూడా ఉందయ్యా" అన్నాడు.

ఒళ్ళు మండే సంగతి ఇంకోటుంది. ఫోన్లో ముక్కూ మొహం తెలియని వాళ్ళ మీద గెలుస్తున్నాను. వీడి దగ్గరే నా పప్పులు ఉడకవు. నేను మనసులో వల పన్ని, మీసం మెలేసుకుని, ఏనుగు మీద చెయ్యి వేసేసరికి వాడి రాజు ఎప్పుడో పక్క గడిలోకి జారుకుని ఉంటాడు.

ఒకరోజు మూడోసారి ఓడిపోయి, కోపంలో నోరు జారాను. "ఈ ఆదివారం నిన్ను ఓడించకపోతే, నీ చేత్తోనే ఈ మీసం తీయించుకుంటాను."

"సరే బావా, కొత్త బ్లేడు పెట్టి ఉంచుతాను" అన్నాడు వాడు, చాలా మర్యాదగా.

మా ఆవిడ సూది ఆపింది. "ఏమండీ, నేను పెళ్ళికి ఒప్పుకున్నదే సగం ఆ మీసాన్ని చూసి. ఆలోచించుకోండి."

"మిగతా సగం?"

"బట్టలు ఊరికే కుట్టించుకోవచ్చని."

ఆదివారం నా ఆట దివ్యంగా సాగింది. ఒక్క ఎత్తు, ఏనుగు ఎడమ అంచు మీదకి వచ్చిందంటే మేట్. సంతోషం పట్టలేక మీసం ఎడమ కొస పట్టుకుని ఒక్క మెలిక తిప్పాను. వాడు నా మొహంకేసి చూసి, తాపీగా బంటుని జరిపి ఆ దారి మూసేశాడు. ఆ తర్వాత నాకు చెప్పుకోదగ్గ ఆటేమీ మిగల్లేదు.

అన్నమాట తప్పకూడదు. వాడి కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చున్నాను. తెరిచేసరికి మీసం తువ్వాలు మీద ఉంది. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది. షాపుకి తిరిగొస్తే మా ఆవిడ తలెత్తి, "ఎవరు కావాలండీ?" అంది. ప్యాంటు కోసం వచ్చిన ఒకాయన నన్ను ఎగాదిగా చూసి, బోర్డు కూడా చూసి, "టైలర్ గారు వచ్చాక మళ్ళీ వస్తాను" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆట మీద ఏ ఆశా లేకుండా కూర్చున్నాను. గెలిచాను. ఇంకో ఆట వేశాం, మళ్ళీ గెలిచాను. ఆ వారమంతా గెలుస్తూనే ఉన్నాను. బావమరిది బల్ల చూడడం మానేసి, మబ్బుల్లో వాన కోసం వెతుకుతున్నట్టు నా పై పెదవినే వెతుకుతున్నాడు. చివరికి తల పట్టుకున్నాడు.

"ఏం తెలియట్లేదు బావా, నీ మొహం చూస్తే."

"ఏం తెలియాలి నీకు?"

"ఇన్నాళ్ళూ ఎడమ కొస తిప్పితే ఎడమ నుంచి వస్తున్నావని, కుడి కొస తిప్పితే కుడి నుంచి వస్తున్నావని తెలిసేది. కూర్చున్న కొమ్మని నేనే నరుక్కున్నాను."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఫోన్లో ఎందుకు గెలిచేవాడినో అప్పుడు అర్థమైంది. ఫోనుకి నా మీసం కనబడదు. మా ఆవిడ వైపు తిరిగాను. ఆవిడ కాజా మీంచి తల ఎత్తలేదు.

"నీకూ తెలుసా?"

"వీధి చివర ఇస్త్రీ అతనిక్కూడా తెలుసు."

"మరి చెప్పొద్దూ?"

"ఓడిపోయిన రోజు మీరు ఇంటికొచ్చి నోరెత్తరు. ఎంత ప్రశాంతంగా ఉంటుందో మీకేం తెలుసు?"

అప్పట్నుంచి బావమరిది పొద్దున్నే నూనె సీసాతో తయారు. "ఇది రాసుకో బావా, త్వరగా పెరుగుతుంది" అని తనే మర్దనా చేసేవాడు. నేను వద్దనలేదు. మీసం లేని గెలుపు ఉప్పు లేని కూరలా ఉంది నాకు. పైగా బోర్డుకీ మొహానికీ పొంతన లేక గిరాకీ పడిపోయింది.

మీసం మెలి తిరిగేంత అయ్యాక మళ్ళీ ఆటకి కూర్చున్నాం. వాడి మొహం వెలిగిపోతోంది. ఆరోజు నా ఎడమ పక్క బలగమంతా చచ్చింది, అక్కడ ఒక్క బంటు కూడా కదిలే స్థితిలో లేదు. నేను బాగా ఆలోచిస్తున్నవాడిలా కళ్ళు చిట్లించి, మీసం ఎడమ కొసని మెల్లగా, ప్రేమగా తిప్పాను.

వాడు ఉన్న సైన్యాన్నంతా ఆ పక్కకి తరలించాడు. ఏనుగుల్ని తోలాడు, మంత్రిని కూడా తీసుకెళ్ళి అక్కడే కాపలా పెట్టాడు. నేను కుడివైపు నుంచి ఏనుగుని తిన్నగా నడిపించుకెళ్ళి రాజుకి ఆట కట్టించాను.

"బావా, నువ్వు తిప్పింది ఎడమ కొస కదా" అన్నాడు వాడు, అన్యాయం జరిగిపోయినట్టు.

"మీసం నాది, నా ఇష్టం" అన్నాను. ఆ ఎత్తు ఎలా తట్టిందో, దాని వెనక ఎంత తెలివి ఉందో మొదట్నుంచీ వివరంగా చెప్పడం మొదలుపెట్టాను.

మా ఆవిడ దారం కొరికి, సూది పెట్టెలో పెట్టేసి, "అయిపోయింది నా ప్రశాంతత" అంది.