కుడి చెవి నూనె

మరొకరి తల నెలల తరబడి చెమటోడ్చిన హెల్మెట్టులో ముక్కు పెట్టవలసి వస్తుందని, భౌతికశాస్త్ర అధ్యాపకుడిగా పదవీ విరమణ చేసిన నాడు నేను ఊహించలేదు. ఆ హెల్మెట్టు మా కోడలు జాయిస్‌ది. జగ్గయ్యపేటలోని మా ఇంటి నుంచి నందిగామలో తాను పాఠాలు చెప్పే కాలేజీకి ఆ పిల్ల రోజూ స్కూటీ మీద వెళ్తుంది. మా అబ్బాయి ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టుల మనిషి కనుక ఇంట్లో చెడిపోయిన వస్తువులన్నీ నా బల్ల మీదికే చేరతాయి.

"మావయ్యా, గ్లాసు పైకెత్తితే నిలవట్లేదండి," అంటూ శనివారం సాయంత్రం దాన్ని తెచ్చి నా ముందు పెట్టింది. "కొంచెం కుదుపొస్తే చాలు, టప్పున పడిపోతోంది."

"పడనీ. కంట్లో దుమ్ము పడదుగా."

"దుమ్మంతా గ్లాసు మీదే ఉంటోందండి, జిడ్డుగా. నిన్న చిల్లకల్లు దాటాక సిమెంటు లారీ వెనకాల ఉన్నా. ఏం కనపడక పైకెత్తా. సరిగ్గా లారీవాడు బ్రేకేసినప్పుడే పడిపోయింది. ఒక చెయ్యి గ్లాసు మీద, ఒక చెయ్యి బ్రేకు మీద." వంటింటి వైపు చూసి గొంతు తగ్గించింది. "కొంచెంలో తప్పింది. అత్తయ్యకి చెప్పకండి."

అద్దాన్ని పైకెత్తి చూశాను. అది క్షణం నిలిచి, కుడి వైపుకి వంకరగా ఒరిగి, తాగినవాడి రెప్పలా పడిపోయింది. వేళ్ళకు ఏదో అంటుకుంది. చేతిరుమాలుతో తుడిచాను, సబ్బుతో కడిగాను, మళ్ళీ సబ్బుతో కడిగాను. ఆ జిడ్డు గోళ్ళ సందుల్లోనే ఉండిపోయింది.

లోపల అద్దాన్ని ఎత్తిన చోట పట్టి ఉంచే పళ్ళ ప్లేటు అరిగిపోయిందేమో, అది మారిస్తే సరిపోతుందనుకుని ముందుగా బజారులో ఓంకార్ హెల్మెట్ల కొట్టుకి తీసుకెళ్ళాను. అతను మంచి వ్యాపారి, ఇంటర్లో నా విద్యార్థి. కొట్టులో వేలాడుతున్న ప్రతి హెల్మెట్టు నుదుటి మీదా కుంకుమ బొట్టు ఉంది. కొన్నింటి మీద అది చెమ్మకి కారి, ఇంకా తొడగని తలకే గాయమైనట్టు కనిపిస్తోంది.

"ఇది రిపేరు చేసే వస్తువు కాదు మాస్టారూ," అన్నాడు ఓంకార్, దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని. "కొత్తది తీస్కోండి. పూజ చేయించిన సరుకు."

"పూజ చేయిస్తే పళ్ళు అరగవా?"

"మీతో మాట్లాడలేమండి. మీ క్రీస్తు మీకు, మా వెంకన్న మాకు."

"నాకెవరూ లేరు ఓంకార్."

"అదే కదండీ మీ జబ్బు," అని నవ్వి హెల్మెట్టు వెనక్కిచ్చాడు. ఇచ్చాక వేళ్ళు లుంగీకి తుడుచుకున్నాడు. ఆ ఒక్క విషయంలో అతనితో నాకు భేదాభిప్రాయం లేదు.

ఇంటికొచ్చి బల్ల మీద పాత దినపత్రిక పరిచి, అద్దం పక్కనున్న మరలు విప్పాను. ఎడమ వైపు మూత కింద పొడి దుమ్ము తప్ప ఏమీ లేదు. ప్లాస్టిక్ పళ్ళు కొత్తవాటిలా పదునుగా ఉన్నాయి. కుడి వైపు మూత తీయగానే కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. లోపల నలుపూ పసుపూ కలిసిన ముద్ద ఉంది. అందులో తల వెంట్రుకలు, చుండ్రు, కాళ్ళు ముడుచుకుని చచ్చిన చీమలు. లారీల నుంచి రాలిన సిమెంటు నీటితో కలిస్తే గట్టిపడి ఊరుకునేది. ఇది నూనెతో కలిసి, చావూ బతుకూ కాకుండా పళ్ళ సందుల్లో కూరుకుంది. అద్దాన్ని పట్టి ఉంచవలసిన చిన్న నాలుకకు దిగడానికి చోటే లేదు. వాసన చెప్పనక్కర్లేదు. ముక్కిన నూనె, పాత చెమట.

అయినా ఆలోచించవలసింది వాసన గురించి కాదు. దుమ్ము రెండు వైపులా పడుతుంది. చెమట రెండు వైపులా పడుతుంది. నూనె కుడి వైపున మాత్రమే ఉందంటే అది తనంతట తాను రాలేదు. ఒక చెయ్యి, ఒక ఉద్దేశంతో, ఒక క్రమం ప్రకారం తెచ్చి పోసింది.

ఆ వాసన ఎక్కడిదో నాకు తెలుసు. నా భార్య ఆదెమ్మ మంచం పక్కన ఎప్పుడూ ఒక చిన్న సీసా ఉంటుంది. వీరులపాడులో నెహెమ్యా అనే ఆయన ప్రార్థన కూటాలు పెడతాడు. అక్కడ ప్రార్థన చేసి ఇచ్చే నూనె అది. బైబిలు ప్రకారం పూర్వం కుష్ఠు నయమైన మనిషికి యాజకుడు కుడి చెవి మీద, కుడి చేతి బొటనవేలి మీద, కుడి కాలి బొటనవేలి మీద నూనె రాసి శుద్ధి చేసేవాడట. దాన్ని నెహెమ్యాగారు బళ్ళకు వర్తింపజేశారు. పిల్లలు ప్రయాణం చేసే బండికి చెవో, చెయ్యో, కాలో ఏదో ఒకటి చూసి రాయమంటారు. మనిషికి కుడి చెవి ఉండే చోటే హెల్మెట్టుకు అద్దం మర ఉంటుందన్న సంగతి ఆయన గమనించినట్టు లేదు.

ఆదెమ్మ వంటింట్లో కింద కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతోంది. తెరిచిన హెల్మెట్టును పత్రికతో సహా ఆమె ముందు పెట్టాను.

"చీ, తినే వాటి దగ్గరేంటండీ ఆ రోత."

"రోత నీదే. రోజూ రాస్తున్నావా?"

ఆమె గోరుచిక్కుడు తుంచడం ఆపలేదు. "రాస్తున్నా. ఆ పిల్ల స్నానానికెళ్ళినప్పుడు."

"ఎందుకు?"

"ఎందుకో మీకు తెలీదా? నా తమ్ముడికి ఎవరూ రాయలా."

ఆమె తమ్ముడు శాంతయ్య నందిగామ పొలిమేరలో, అదే రోడ్డు మీద, లారీ కింద పడి పోయాడు. ఆ రోజు శవాన్ని గుర్తుపట్టింది ఆదెమ్మే.

"మీ తమ్ముడి తలకి నూనె కాదు, హెల్మెట్టే లేదు," అన్నాను. "ఉన్న హెల్మెట్టుని నువ్వు పాడుచేస్తున్నావు. నిన్న ఈ అద్దం పడి నీ కోడలు లారీ కిందకి పోబోయింది."

గోరుచిక్కుడు ఆమె చేతిలో ఆగింది. గుమ్మంలో నిలబడ్డ జాయిస్ తల దించుకుంది.

"నీకు ముందే తెలుసా అమ్మా?" అని అడిగాను.

"వాసనొస్తదిగా మావయ్యా."

"మరి చెప్పొచ్చుగా."

"ఎలా చెప్తానండి."

ప్రాణం పోయినా సరే అత్తగారి మనసు నొప్పించకూడదన్నమాట. నిజం చెప్పాలంటే ఆ ముద్దకన్నా ఈ మర్యాదే నాకు ఎక్కువ ఏవగింపు కలిగించింది. అది కూడా ఎవరికీ కనపడని చోట పేరుకుని, అవసరానికి కదలవలసిన దాన్ని కదలనివ్వదు.

"ఇకమీదట చెవికి రాయకు," అన్నాను.

"సరే. చెవికి రాయను," అంది ఆదెమ్మ.

మర్నాడు వాళ్ళు ఆరాధనకు వెళ్ళాక, గిన్నెలు తోమే సబ్బు, పాత టూత్‌బ్రష్షు తీసుకుని కూర్చున్నాను. కిరోసిన్ వాడితే అద్దం పగుళ్ళిస్తుంది. పళ్ళ మధ్య నుంచి ముద్దను అగ్గిపుల్లతో గీకాను. ఒక వెంట్రుకను లాగితే దానివెంట మరో పది వచ్చాయి. మధ్యలో లేచి పెరట్లోకి వెళ్ళి ఉమ్మి వచ్చాను. చివరికి ఆరబెట్టి, మరలు బిగించి, అద్దం పైకెత్తాను. టక్కున పట్టుకుంది. హెల్మెట్టును గట్టిగా కుదిపాను, పడలేదు.

సోమవారం ఉదయం ఆ హెల్మెట్టును నా చేతులతోనే జాయిస్‌కి అందించడానికి బయటికొచ్చాను. ఆమె అప్పటికే స్కూటీ ఎక్కి, గేటు వైపు తిప్పి ఉన్న బండికి తాళం పెడుతోంది. హెల్మెట్టును వాసన చూశాను. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. ఆ క్షణంలో నా ముక్కు మీద నాకు అనుమానం వచ్చింది. ముక్కిన నూనె వాసన మాత్రం వస్తోంది, హెల్మెట్టు నుంచి కాదు.

కిందికి చూశాను. ముందు చక్రానికున్న ఉక్కు పళ్ళెం, బ్రేకు పట్టుకునే పళ్ళెం, ఎండకి తళతళలాడుతోంది. దాని మీద నుంచి ఒక చుక్క జారుతోంది.

"దిగమ్మా," అన్నాను.

"టైమయిందండి."

"దిగు. తాళం నాకివ్వు."

ఆదెమ్మ సీసా పట్టుకుని మెట్ల మీద నిలబడి ఉంది. "చెవికి రాయలేదండీ. కాలికి రాశా. మీరేగా చెవి వద్దంది."

నేను చెప్పిన మాటను ఆమె అక్షరం తప్పకుండా పాటించింది. జాయిస్ బండి దిగి, చక్రం పక్కన కూర్చుని, ఆ చుక్కను వేలితో తీసి చూసుకుంది. నాకు తెలిసి ఆమె మొదటిసారి అత్తగారి ముఖంలోకి సూటిగా చూస్తూ మాట్లాడింది.

"అత్తయ్యా, ఇది కాలు కాదు. బ్రేకు. దీనికి నూనె రాస్తే బండి ఆగదు."

"బ్రేకు చేతి దగ్గరుంటుందిగా."

"నొక్కేది అక్కడ. పట్టుకునేది ఇక్కడ."

ఆదెమ్మ మెట్టు మీద కూలబడింది. సీసా మూత ఆమె చేతిలోంచి జారి దొర్లిపోయింది. ఆమె దాన్ని చూడలేదు, గేటు అవతల రోడ్డు వైపే చూస్తోంది. మాట్లాడవలసినవి నా దగ్గర చాలా ఉన్నాయి. వీరులపాడు గురించి, కుష్ఠు గురించి, శాంతయ్య గురించి కూడా. ఆ ముఖం చూసి మింగేశాను. అవి నూనెలాగే గొంతులో చేదుగా దిగాయి.

జాయిస్ వెళ్ళి అత్తగారి కింది మెట్టు మీద కూర్చుంది. చున్నీ తీసి, జుట్టు వెనక్కి దువ్వుకుని, తల పక్కకి వంచింది.

"నా చెవికి రాయండి," అంది. "బండి చెవికొద్దు, బండి కాలికొద్దు. నా చెవికి రాయండత్తయ్యా. కడుక్కోను."

ఆదెమ్మ వేలితో రాసింది. పెదవులు కదిలాయి. జిడ్డు చెవి తమ్మె మీద నుంచి మెడ మీదికి, ఉతికి ఇస్త్రీ చేసిన కాలరు మీదికి కారింది. నేను ముఖం తిప్పుకున్నాను. ఆ రోజు కోడలు బస్సులో వెళ్ళింది. చక్రం ఇంకా తిరగలేదు కనుక నూనె బ్రేకు ప్యాడ్లకు అంటలేదు. పళ్ళేన్ని స్పిరిట్‌తో తుడిచి, సబ్బుతో కడిగి, మళ్ళీ స్పిరిట్‌తో తుడిచాను.

ఇప్పుడు అద్దం ఎత్తిన చోట నిలుస్తోంది. బ్రేకు పడుతోంది. జాయిస్ కుడి చెవి మాత్రం రోజూ మెరుస్తూ నందిగామ వెళ్తోంది, ఆ నూనె అంతా హెల్మెట్టు లోపలి స్పాంజిలోకి దిగుతోంది. స్పాంజి ఊడదీసి ఉతకొచ్చు. ఆదివారం వాళ్ళిద్దరూ ఆరాధనకు వెళ్ళిన వేళ ముక్కుకి తువ్వాలు కట్టుకుని, బకెట్టు ముందు కూర్చుని, నేనే ఉతుకుతున్నాను.