ముందుకు వేసిన టైర్లు

వెనక కుడి చక్రం దగ్గర గొంతుకూర్చుని అక్క గాలి కొలుస్తోంది. బండి కదలకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. ఊరంతా తిరిగొచ్చాక కొలిస్తే వేడెక్కిన గాలి ఉబ్బి లేని బలం చూపిస్తుంది. ఇవాళ కాస్త తగ్గినట్టుంది. చేతిపంపుతో కొట్టి, మూత బిగించి, బొటనవేలు టైరు గాడిలో పెట్టి చూసింది. గాడి ఉంటేగా వేలు దిగడానికి. వెనక టైర్లు రెండూ స్నానాలగదిలో చివరికి మిగిలిన సబ్బుముక్కల్లా నున్నబడిపోయాయి. ముందువి మాత్రం కొత్తవి. వాటి రబ్బరు మీది సన్నటి వెంట్రుకలు కూడా ఇంకా రాలలేదు.

వంటింటి కిటికీలోంచి అమ్మ తొంగిచూసి, గుడ్డి గుర్రానికి పళ్లు తోమడం అయిందా అని అడిగింది.

"గుర్రానికి కళ్లు బాగానే ఉన్నాయమ్మా. ఎక్కేవాడితోనే బెంగ," అంది అక్క.

"పొద్దున్నే వాణ్ణి ఆడిపోసుకోకపోతే నీకు టీ దిగదు," అంటూ అమ్మ కిటికీ రెక్క మూసేసింది.

ఆ బండి ఇంటికి వచ్చినప్పుడు దానికి మొహం లేదు. ఎవరో డబ్బున్నాయన దాన్ని చెట్టుకు గుద్ది, ప్రాణాలతో బయటపడి, మళ్లీ దాని జోలికి పోనని చెంపలేసుకుని, నాన్న పనిచేసే గ్యారేజీలో వదిలేసి పోయాడు. నాన్న దాన్ని లాగించుకొచ్చి పెరట్లో షెడ్డు వేశాడు. స్పోర్ట్స్ కారు, ఇద్దరు కూర్చునే చోటు, ఇంటినే లాగేసేంత బలం. ఏళ్ల తరబడి సెలవురోజు వస్తే చాలు, నాన్న దాని కింద, అక్క దాని పక్కన. తమ్ముడు వీధిలో బంతాట. బోల్టులు కిరసనాయిల్లో కడిగి గుడ్డ మీద వరసగా ఆరబెట్టింది అక్కే. నాన్న చెయ్యి చాపితే ఏ సైజు పానా కావాలో అడక్కుండానే అందించేది.

పని చేసుకుంటూనే నాన్న పాఠం చెప్పేవాడు. మామూలు కారును ముందు చక్రాలు లాక్కెళతాయి, దీన్ని వెనక చక్రాలు తోస్తాయి, తోసేవాడి కాలు జారితే ముందున్నవాడు చేయగలిగేది ఏమీ ఉండదు. ఇంజన్ ఆయిలు వేడెక్కేదాకా తొందరపెట్టకు, నిద్రలేచినవాణ్ణి లేచినట్టే పరిగెత్తమన్నట్టు ఉంటుంది. బ్రేకు పని మలుపు రాకముందే ముగించు. మలుపులో యాక్సిలరేటర్ కింద కోడిగుడ్డు ఉందనుకుని తొక్కు. వెనక జారిందా, ఎటు వెళ్లాలో అటే చూడు, స్టీరింగు అటే తిప్పు. భయపడి ఒక్కసారిగా కాలు తీసేసి బ్రేకు మీద పడ్డావో, బండి బొంగరమే. కొత్త టైర్లు రెండే ఉంటే ఎప్పుడూ వెనక్కే.

అక్క అన్నీ విని మనసులో పెట్టుకుంది. బండి నిలబడింది, రంగు పడింది, ఇంజన్ పలికింది. తాళంచెవి మాత్రం తమ్ముడి చేతికి వెళ్లింది. నీకెందుకు తల్లీ ఇంత మొరటు బండి, వాడు తిప్పుకోనీ అన్నాడు నాన్న. అప్పటికే ఆమె డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెబుతోంది. ఊళ్లో సగం మంది ఆడవాళ్లు ఆమె పక్కన కూర్చునే స్టీరింగు పట్టారు. స్కూలు కారులో నేర్పేవాళ్ల వైపు ఉండే రెండో బ్రేకు మీదే ఆమె కాలు ఎప్పుడూ ఉంటుందని వాళ్లు బ్రేకక్క అని పేరు పెట్టారు. అలాంటి మనిషికి సొంత ఇంట్లో దక్కింది కడగడం, తుడవడం, ఆయిలు మార్చడం, కడగడానికి వీలుగా షెడ్డులోంచి నాలుగడుగులు బయటికి జరపడం.

టైర్ల గొడవ కిందటి వారం జరిగింది. తమ్ముడు కొత్తవి రెండు తెచ్చి ముందుకు వేయమన్నాడు. దారి చూపించేవి ముందు చక్రాలే కదా అన్నాడు. పైగా చూసేవాడికి ముందు కనబడేవీ అవే అన్నాడు. అక్క వెనక్కి వేయాలంది. ఇద్దరూ నాన్న వైపు తిరిగారు. నాన్న కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడిచాడు. తుడిచి, "వాడు కొన్నవి, వాడికిష్టమైన చోట వేసుకోనీ," అన్నాడు.

చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఊదినవాడిది తప్పు. చెవులున్నవాడే చెవిటివాడైతే ఎవరిది తప్పు? అక్క జాకీ తెచ్చింది. టైర్లు ముందుకే వేసింది.

ఇప్పుడు తమ్ముడు తల దువ్వుకుంటూ వచ్చాడు. కార్ల షోరూంలో కొనబోయేవాళ్లను ఎక్కించుకుని కొత్త కార్లు తిప్పి చూపించడం వాడి ఉద్యోగం. ఇవాళ సెలవు. ఎవరో స్నేహితుడికి బండి సత్తా చూపిస్తానని మాటిచ్చాడట. షెడ్డు రేకుల మీద చినుకులు మొదలయ్యాయి. అక్క గుడ్డ పిండుతూ, వెనక టైర్లు నీళ్ల మీద ఆగవు, వెళ్లక తప్పదంటే జారకుండా కాపాడే ఆ స్విచ్చినైనా ఆపకు అంది.

"బ్రేకక్కా, నేను నీ దగ్గర ఫీజు కట్టలేదే," అన్నాడు తమ్ముడు.

చల్లటి ఇంజన్ని అరిపించాడు. ఆ శబ్దానికి నాన్న గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నవ్వుతూనే ఉన్నాడు.

అక్క పాఠానికి తయారై చెప్పులు వేసుకుంటుండగా ఫోన్ వచ్చింది. సర్కిల్ దగ్గరికి తొందరగా రా అన్నాడు తమ్ముడు. గొంతు వాడిది కాదు. ఆమె వానలోనే పరిగెత్తింది. సర్కిల్ ఎంతో దూరం లేదు. స్నేహితుణ్ణి ఎక్కించుకునేదాకా కూడా వాడు వెళ్లలేదన్నమాట. బండి వెనక్కి తిరిగిపోయి, బస్‌స్టాపు ఇనప స్తంభానికి తోక ఆనించుకుని ఉంది. విరిగిన బెంచీ పక్కన ఒకావిడ పడి ఉంది. ఆ వరస కొట్లలో ప్యాంట్లు పొడవు తగ్గించి కుట్టే టైలరమ్మ. మోకాలి కింద కాలు తిరగకూడని వైపు తిరిగి ఉంది. వాన దెబ్బకు వీధిలో మనిషి జాడ లేదు. తమ్ముడు గట్టు మీద కూర్చుని తన చేతులు తనే చూసుకుంటున్నాడు.

"అంబులెన్సుకి చేశావా?"

"నీకే చేశా."

అక్క ఫోన్ చేసి, నీళ్లలో చతికిలబడి ఆవిడ తల ఒళ్లోకి తీసుకుంది. రోడ్డు మీద ఎవరో నూనె పోశారని తమ్ముడు గొణుగుతున్నాడు. ఆడలేక మద్దెల ఓడు. జరిగింది ఆమెకు ఎదురుగా కనబడుతూనే ఉంది. సర్కిల్ తిరిగి బయటికి వస్తూ బలంగా తొక్కాడు, తోక జారింది, గుండె జారింది, కాలు తీసి బ్రేకు మీద వేశాడు. బొంగరం. టైలరమ్మ ఆమె మణికట్టు పట్టుకుని, సంచిలో ఎవరివో బట్టలున్నాయి, తడిసిపోతాయి చూడమ్మా అంటోంది. అక్క సంచి దగ్గరికి లాగి తలెత్తేసరికి గట్టు మీద తమ్ముడు లేడు. అప్పటికి జనం పోగయ్యారు. బండి నీదేనామ్మా అని ఎవరో అడిగారు. మాదే అంది అక్క.

టైలరమ్మను అంబులెన్సు ఎక్కించి ఇంటికి వచ్చేసరికి తమ్ముడు పొడిబట్టలు కట్టుకుని మంచం మీద ఉన్నాడు. అమ్మ అక్కను వంటింట్లోకి తీసుకెళ్లి, తల తుడిచి, వేడి టీ చేతికిచ్చి, నెమ్మదిగా మొదలుపెట్టింది. పోలీసాయన మధ్యాహ్నం వస్తానని కబురు పెట్టాడు. నడిపింది ఎవరో అక్కడ ఎవరూ చూడలేదు. అందరూ చూసింది నిన్నే. నువ్వు పారిపోలేదు, తల ఒళ్లో పెట్టుకున్నావు, నీకైతే ఏ చిన్న శిక్షో వేసి వదిలేస్తారు. వాడు మనిషిని రోడ్డు మీద వదిలేసి వచ్చాడని తెలిస్తే లైసెన్సుతో పాటు వాడి బతుకూ పోతుంది.

"మరి నా లైసెన్సో? నా ఉద్యోగమో?"

"నీదీ ఒక ఉద్యోగమేనటే? పక్క సీట్లో కూర్చునేది."

అక్క గ్లాసు కింద పెట్టింది. ఇంతలో తమ్ముడు వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. వాడు నిజంగానే ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు. బంతి తగిలి ఎవరింటి అద్దం పగిలినా ఈ ఏడుపుతోనే వచ్చి వెనక దాక్కునేవాడు, ఆమె వెళ్లి మాటలు పడేది. చెయ్యి వాడి తల మీదికి దానంతటదే వెళ్లబోయింది. టైలరమ్మ చలికి వణుకుతూ సంచి గురించి అడిగినప్పుడు వీడు ఏ వీధిలో నడుస్తున్నాడో అనుకుంది. చెయ్యి ఆగిపోయింది.

ఆమె హాల్లోకి వచ్చింది. నాన్న కుర్చీలో ఉన్నాడు. ఆయన ఒక్క మాట అంటే చాలు. ఆడపిల్ల మెడకు దీన్ని చుట్టొద్దు అంటే చాలు, మిగతాది తను చూసుకుంటుంది. ఆయన కిటికీలోంచి వాన చూస్తున్నాడు.

పోలీసాయన పెద్దమనిషిలాగే ఉన్నాడు. తడిసిన టోపీ గుమ్మం బయటే దులుపుకుని వచ్చాడు. టైలరమ్మకు ఆపరేషన్ చేస్తున్నారని, ప్రాణానికి భయం లేదని, కుట్టు మిషను తొక్కే కాలు మాత్రం మునుపటిలా పనిచేస్తుందో లేదో డాక్టర్లు చెప్పలేకపోతున్నారని అన్నాడు. తరవాత బండి ఎవరు నడిపారని అడిగాడు.

అమ్మ నోరు తెరవబోయింది. ఈలోగా నాన్న కుర్చీలోంచి లేచాడు.

"మా అమ్మాయే. ఆ బండిని నేనూ ఇదీ కలిసి కట్టాం. దాన్లో ఒక్కో నట్టూ దీనికి తెలుసు. వీడికేం తెలుసు సార్, నాలుగు చక్రాలు తిరుగుతాయని తెలుసు. ఇలాంటి వానలో అలాంటి బండి తీయగలిగిన మనిషి ఈ ఇంట్లో ఇదొక్కతే."

ఒక్క అబద్ధం తప్ప మిగతాదంతా నిజమే చెప్పాడు. అక్క ఆ మాటల కోసం ఎన్ని సెలవురోజులు కిరసనాయిలు వాసన పీల్చిందో. గ్యారేజీ వాళ్ల ముందైనా అంటాడని చూసింది, చుట్టాల ముందైనా అంటాడని చూసింది. కనీసం ఆ టైర్ల రోజైనా అంటాడనుకుంది. దాచి దాచి ఇవాళ తీశాడు. తీసి పోలీసు ముందు పెట్టాడు. ఆయన గొంతులో గర్వం కూడా ఉంది. అది నటన కాదు. ఆమెకు ఎక్కువ నొప్పెట్టింది అదే.

"అంతేనామ్మా?" అన్నాడు పోలీసాయన.

"కాదు సార్. నేను నడపలేదు. ఆ బండి నాకెప్పుడూ ఇవ్వలేదు."

మరి అక్కడెలా ఉన్నావని అడిగాడు. తమ్ముడు పిలిస్తే వెళ్లానని చెప్పి, ఆ పిలుపు వచ్చిన ఫోన్ ఆయన చేతికిచ్చింది. ఆయన చూసి తిరిగిచ్చేశాడు. బండి సరిగ్గానే ఉందా, ఏదైనా లోపం ఉందా అని అడిగాడు. అక్క ఒక్క క్షణం నాన్న వైపు చూసింది.

"ఉంది సార్. వెనక టైర్లు అరిగిపోయాయి. కొత్తవి ముందుకి వేశాం. అలా వేయకూడదని మాలో ఇద్దరికి తెలుసు."

నాన్న మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. బాబూ, చొక్కా వేసుకుని రా అని పోలీసాయన తమ్ముడితో అన్నాడు. వాడు అక్క వైపు చూడకుండా బయటికి నడిచాడు. అమ్మ గొడుగు పట్టుకుని గేటు దాకా వెంటపడి వెళ్లి, జీపు మలుపు తిరిగేదాకా నిలబడి, తిరిగొచ్చింది.

"వాడి గొంతు నీ చేత్తోనే కోశావు. నిజం చెప్పమని నిన్నెవరడిగారే?"

"ఆయనే అడిగాడమ్మా."

అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. అక్క హాలు మధ్యలో నిలబడే ఉంది. తిట్టినా సరే, నాన్న ఏదో ఒకటి అంటాడని నిలబడింది. ఆయన తల తిప్పకుండా అన్నాడు.

"షెడ్డు తాళంచెవి అక్కడ పెట్టు. ఇకమీదట అటు వెళ్లకు."

ఆమె తాళాల గుత్తిలోంచి దాన్ని విడదీసింది. కొత్తది కావడంతో రింగు బిగుతుగా ఉంది, గోరు విరిగింది. తాళంచెవిని బల్ల మీద ఆయన కళ్లద్దాల పక్కన పెట్టి, లోపలికి వెళ్లి నాలుగు జతల బట్టలు సంచిలో సర్దుకుని వచ్చింది. నాన్న దారికి అడ్డంగా చాపుకున్న కాళ్లు వెనక్కి తీసుకున్నాడు, బస్సులో ఎవరో దిగుతుంటే తీసుకున్నట్టు. ఆమె గుమ్మం దాటి, చెప్పులు వేసుకుని వానలోకి నడిచింది.