ప్లంబరు ఇంటి పటకారు పురుగులు

ఊళ్లో కారే కొళాయిలన్నీ ప్లంబరుగారి చేతి చలవతోనే నోరు మూసుకున్నాయి. సొంత వంటింట్లో సింకు కింది పైపు మాత్రం ఏడాదిగా కారుతూనే ఉంది. కంప్లయింటు రానిదే పానా పట్టకూడదని ఆయన నియమం. భార్య చెప్పేది కంప్లయింటు కిందికి రాదు, సంసారం కిందికి వస్తుంది.

ఆ తడికి పురుగులు చేరాయి. సన్నటి గోధుమరంగు ఒళ్లు, తోక చివర పటకారు. పగలంతా సింకు కింద నానిన అట్టపెట్టెలో దాక్కుని, చీకటి పడగానే షికారుకు బయల్దేరేవి. వంటింటి గోడకు అవతలే ప్లంబరు భార్య ఊరివాళ్లకు బట్టలు కుట్టే మిషను.

కుట్టడానికిచ్చిన బట్టలు తీసుకెళ్దామని వచ్చిన టీచరమ్మ, తన కూతురి గౌను మడత విప్పగానే పురుగొకటి జారి పడింది.

"ఈసారికి ఊరుకుంటున్నా. మళ్లీ కనబడిందంటే మా స్కూలు యూనిఫారాలు వేరేచోట ఇచ్చుకుంటాం," అందావిడ.

ఆ యూనిఫారాల మీదే ఏడాదంతా మిషను తిరిగేది. కుట్టుపనావిడ ఇంట్లో ఉన్న బట్టలన్నీ విప్పి ఒక్కొక్కటే దులిపింది.

మొగుడి దిగులు వేరు. ఆ పురుగులు నిద్రలో చెవిలో దూరి మెదడు తినేస్తాయని ఎవరో చెప్పారట. రెండు చెవుల్లోనూ దూది కుక్కుకుని, ఇల్లంతా మందు కొట్టాడు. పురుగులు నిక్షేపంగా ఉన్నాయి, ఇంటిల్లిపాదికీ దగ్గు పట్టుకుంది.

"మీ చెవులతో వాటికేం పనండీ? వాటికి కావలసింది తడి. పైపు బాగుచేస్తే వాటి దారిన అవే పోతాయి," అని ఆవిడ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది.

"ఆఁ?" అన్నాడాయన. దూది పెట్టాక కారే పైపూ వినబడటంలేదు, పెళ్లాం మాటా వినబడటంలేదు. పెళ్లయ్యాక ఇంత సుఖం ఆయన ఎరగడు.

మర్నాడు ఆవిడ, ఆయన పనిచేసే షాపుకే ఫోను చేసింది.

"మా సింకు కారుతోందండీ, మనిషిని పంపండి."

యజమాని ఎంత అరిచినా ప్లంబరుగారి దూది చెవులకు వినబడకపోయేసరికి, చివరికి అడ్రసు రాసి చేతిలో పెట్టాడు. అది చూసి ప్లంబరుగారి ముఖం మాడిపోయింది. కానీ నియమం తను పెట్టుకున్నదే. సంచీ భుజాన వేసుకుని వచ్చి, సొంత ఇంటి బెల్లు కొట్టాడు.

"ఇటు రండి," అని ఆవిడ వంటింట్లోకి దారి చూపించింది.

అట్టపెట్టె లాగగానే పురుగులు చెల్లాచెదురయ్యాయి. ఒక్కటి మాత్రం కదల్లేదు. తెల్లటి గుడ్ల మీద ఒళ్లు పరిచి, ఆయన మీదికే పటకారు ఎత్తింది. ఆవిడకు జాలేసింది. దాన్ని పెట్టెతో సహా పెరటి చివర చెట్టు కింద వదిలి వచ్చింది. మిగిలినవాటికి తడి కాగితం చుట్టలు పెట్టి, అందులో చేరాక సబ్బునీళ్లలో దులపాలనుకుంది.

ఆయన పాత వాషరు తీసి కొత్తది వేశాడు. పొయ్యి మీద టీ పొంగేలోగా పని అయిపోయింది. దీనికా ఏడాది పోరు అని ఆవిడకు ఒళ్లు మండింది.

చేతులు తుడుచుకుంటూ, అలవాటు ప్రకారం ఆయన అడిగాడు.

"ఇంకేమైనా కంప్లయింటు ఉందామ్మా?"

ఆవిడ దగ్గరికొచ్చి, ఆయన రెండు చెవుల్లోని దూదీ లాగేసింది.

"ఉంది. కూర్చోండి, మొదటినుంచీ చెబుతాను."