బొచ్చెచేప వయసు

పెంచలయ్య బొచ్చెచేపను తడిగుడ్డ మీద పడుకోబెట్టి, రెక్క వెనక నుంచి ఒక పొలుసు పట్టకారుతో లాగాడు. నీళ్లలో కడిగి, బొటనవేలితో జిగురు తుడిచి, రెండు గాజుపలకల మధ్య పెట్టి భూతద్దంలోంచి చూశాడు. చేపల ఆఫీసులో ఫీల్డుమ్యాన్‌గా అతను జీవితమంతా చేసిన పని అదే. ఎండాకాలం నీళ్లు తగ్గి చేప ఎదుగుదల ఆగినప్పుడు పొలుసు మీద గీతలు దగ్గరపడతాయి. అలాంటి పట్టీలు ఎన్ని ఉంటే చేప అన్ని వేసవులు దాటినట్టు.

మూడు ఉన్నాయి. మరో చేపకూ మూడే.

గట్టు మీద రెండు పార్టీల వాళ్లూ విడివిడిగా నిలబడ్డారు. మూడేళ్ల కిందట గొర్రెల్ని అమ్మి ఈ చెరువులో చేపపిల్లల్ని వదిలినవాడు ఆదెన్న. పోయినేడు పంచాయతీ ఎన్నికల్లో అతని పార్టీ ఓడింది. గెలిచిన సర్పంచు, ఇవి తాను పోయిన వానాకాలం వదిలిన పిల్లలేనన్నాడు. మనుషుల సాక్ష్యం ఎవరూ నమ్మరు గనక చేపనే అడగమన్నారు పెద్దలు.

“ఏమప్పా, ఎన్నేండ్లదంటాది?” సర్పంచు నవ్వుతూనే అడిగాడు. అతని వెనక ఉన్నవాళ్లు నవ్వడం లేదు.

పులివెందుల దగ్గర పనిచేసిన రోజులు గుర్తొచ్చాయి పెంచలయ్యకు. అక్కడ ఒక కేసులో ఉన్నమాట చెప్పిన అటెండరు ఇప్పటికీ ఎడమచేత్తోనే అన్నం తింటాడు.

“కరువుకాలం గదప్పా. నీళ్లు తగ్గినప్పుడల్లా గీత పడతాది. ఒగే ఏడాదిలో మూడుసార్లు గూడా పడొచ్చు.”

అది పూర్తిగా అబద్ధం కాదు. ఎక్కడో అరుదుగా అలా జరుగుతుందని అతనికి తెలుసు. ఇక్కడ జరగలేదనీ తెలుసు.

ఆదెన్న అరవలేదు. “పోయినేడు ఎండల్లో ఈడనే కూచోని, రెండేండ్లకు శానా బాగా ఎదిగినాయంటివే మామా.”

పెంచలయ్య భూతద్దం తుడుచుకున్నాడు.

మధ్యాహ్నం సర్పంచు ఇంట్లో భోజనం పెట్టారు. చేపలపులుసు. వద్దనలేక తిన్నాడు. రెండోసారి కూడా వడ్డించుకున్నాడు.

పొద్దుగూకే వేళ ప్రొద్దుటూరు బస్సు కోసం గట్టు మీదికి వచ్చేసరికి జనం మూగి ఉన్నారు. ఆదెన్నను నీళ్లలోంచి తీసి పడుకోబెట్టారు. సర్పంచు మనుషులు వేసిన వలలకు అడ్డం దిగి కాలు జారాడన్నారు. తల వెనక గాయం గురించి ఎవరూ మాట్లాడలేదు. హెడ్డు కానిస్టేబులు రాసుకుంటున్నాడు.

ఆదెన్న భార్య యల్లమ్మ తలెత్తింది. “ఆయప్ప వయసడుగుతాండారన్నా. నాకు తెల్దు. నువ్వు జెప్పు.”

“నాకూ తెల్దమ్మా,” అన్నాడు పెంచలయ్య.

బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. గట్టు చివర, చేపలకు మేత వేయడానికి ఆదెన్న తెచ్చుకున్న తవుడు గంప ఉంది. అతను ఆఖరుసారి పిడికెడు తీసినచోట గుంట ఇంకా పూడలేదు.